లీటరుకు 17 ఇచ్చే కారు 11కి ఎందుకు పడిపోయింది: నా అనుభవం

నిన్న ట్యాంకు నింపి లెక్క కట్టాను. 412 కిలోమీటర్లకు 24.8 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 16.6. రెండు నెలల కిందట ఇదే 1.2 లీటర్ల పెట్రోలు కారు, ఇవే రోడ్ల మీద 11.4 ఇచ్చింది. అంత తేడా తెచ్చింది అరచేతిలో ఇమిడే థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటరులోకి పోనివ్వని వాల్వు. అది చెడిపోలేదు, అసలు కారులోనే లేదు.

మైలేజీ పడిందని అనుమానం వస్తే ముందు సరిగ్గా కొలవండి. డాష్‌బోర్డు చూపించే సగటు సరిపోదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటి ఆటో కట్‌కే, అంటే పంపు తనంతట తాను ఆగగానే, ఆపించాలి. రౌండ్ ఫిగర్ చేస్తానంటే వద్దని గట్టిగా చెప్పండి. ఆ పైన పోసే అర లీటరే లెక్కంతా పాడు చేస్తుంది. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపాలి. ఇలా మూడుసార్లు చేస్తే వచ్చే అంకెను నమ్మొచ్చు.

తేలిక పనులు ఒక్క ఆదివారంలో అయిపోయాయి. టైర్లలో గాలి 25 ఉంది, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం 33 ఉండాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించాను. ప్లగ్గుల గ్యాపు 1.1 మిల్లీమీటరు ఉండాల్సింది 1.3కి పెరిగింది, నాలుగూ మార్చాను. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాను గానీ, ఇంజెక్షన్ ఇంజిన్లలో అది మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారదు, పికప్పే తగ్గుతుంది. బ్రేకు పట్టేస్తోందేమోనని పది కిలోమీటర్లు నడిపి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, జాకీ ఎత్తి చక్రాలు తిప్పి చూశాను. ఏదీ పట్టడం లేదు. ఇంత చేసినా వచ్చింది 11.9.

అప్పుడు సర్వీసు సెంటరుకు ఇచ్చాను. త్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అని 4,600 బిల్లు వేశారు. మళ్లీ 11.9. తిరిగి వెళ్లి అడిగితే సలహాదారు స్కానరు తగిలించి, "ఎర్రర్ కోడ్ ఏం లేదు సార్. మీరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నట్టున్నారు" అన్నాడు. పక్కన ఇంకో నలుగురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నవాణ్ని, ఒక్క కారుకూ లక్ష కిలోమీటర్ల లోపు క్లచ్ ప్లేటు మార్చలేదు. ఆ మాట చెబితే, "అయితే ఈ20 పెట్రోలు వల్ల సార్, అందరికీ ఇంతే" అన్నాడు.

ఆ మాట నిజమా కాదా కాగితం మీద తేల్చుకోవచ్చు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండొంతులు. ఈ20లోలాగా 20 శాతం ఇథనాల్ కలిపితే, ఇథనాల్ అసలు లేని పెట్రోలుతో పోల్చినా తగ్గే శక్తి 6, 7 శాతం. 17లో అది కిలోమీటరు పైచిలుకు. మిగతా నాలుగు కిలోమీటర్లు ఎటు పోయాయో ఈ20 చెప్పదు.

కోడ్ లేదంటే జబ్బు లేదని కాదు. కోడ్ పడకపోయినా లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్లు చూపే అంకెలు, చూడాలి, అక్కడ ఆ పని ఎవరూ చేయలేదు. ఎనిమిది వందలకు, కారు కంప్యూటరులోని ఆ అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానరు కొని, ఫోన్‌కు కలిపి ఔటర్ రింగు రోడ్డు ఎక్కాను. అరగంట తర్వాత, 80 వేగంలో, కూలెంటు ఉష్ణోగ్రత 61 డిగ్రీలు! 85 నుంచి 95 మధ్య ఉండాలి. న్యూట్రల్‌లో నిమిషానికి 750 చుట్లు (ఐడిల్) తిరగాల్సిన ఇంజిన్ 950 తిరుగుతోంది.

ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. కంప్యూటరు ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఐడిల్ పెంచుతుంది. చిక్కగా ఉన్న ఆయిల్‌ను తిప్పడానికే కొంత బలం పోతుంది. చాలా కార్లలో యాక్సిలరేటరు వదిలినప్పుడు పెట్రోలు ఆపేసే ఏర్పాటు కూడా ఇంజిన్ తగినంత వేడెక్కితేనే పనిచేస్తుంది. చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు ఉండదు, నీలం దీపమే ఉంటుంది. అది ఆరిందంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కినట్టు కాదు.

స్కానరు లేకపోతే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటరు పై గొట్టం పట్టుకుని చూడండి. థర్మోస్టాట్ బాగుంటే గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలుతుంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని, లేదా అసలు లేనే లేదని అర్థం. కొన్ని ఇంజిన్లలో అది కింది గొట్టం వైపు ఉంటుంది, అక్కడ చూడాలి.

థర్మోస్టాట్ ఉండాల్సిన హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ. పోయిన మేలో హోసు పైపు కారి ఇంజిన్ హీటెక్కినప్పుడు హైవే పక్క మెకానిక్ తీసేశాడు. "మన ఎండలకు ఇది దేనికి, చలి దేశాలకే" అన్న మాట చాలా షెడ్లలో వింటాం. పూర్తిగా తప్పు. బయట 45 డిగ్రీలున్నా ఇంజిన్ నడవాల్సింది 90 దగ్గరే, బాగా వేడెక్కితే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటుంది, దేనికీ అడ్డు రాదు. పైగా బైపాస్ ఉన్న ఇంజిన్లలో దాన్ని తీసేస్తే కొంత కూలెంటు రేడియేటరులోకి పోకుండానే తిరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు హీటెక్కే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

కొత్తదాని మీద 82 అని అచ్చు ఉంది. బిగించే ముందు దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచాను. 82 దాటగానే వాల్వు కదిలింది. బిగించేటప్పుడు దాని మీది చిన్న గాలి రంధ్రం పైకి రావాలి, లేకపోతే గాలి ఇరుక్కుంటుంది. రబ్బరు రింగు కొత్తదే వేయాలి. బోల్టులు 10 న్యూటన్ మీటర్లకు మించి బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి. కూలెంటు, డీమినరలైజ్డ్ నీళ్లు సగం సగం, బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి, హీటరు వేడి మీద పెట్టి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, బుడగలు పోతుంటే నింపుతూ ఉండాలి. అన్నీ కలిపి ఖర్చు 1,900.

ఇప్పుడు కూలెంటు ఉష్ణోగ్రత హైవే మీద 88, ట్రాఫిక్‌లో 94. ఆయిల్ కూడా మార్చేశాను. పది నెలలు చల్లగా నడిచిన ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీస్తే పెట్రోలు వాసన కొట్టింది, ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిడ్డు పేరుకుంది. నిన్న మూత తీసి చూస్తే లోపల శుభ్రంగా ఉంది.