సెంట్రిఫ్యూజ్ కొనేముందు రోటర్ చూడండి

రక్తం లాంటి శాంపిళ్లను వేగంగా తిప్పి, వాటిలోని భాగాలను వేరుచేసే మెషీన్ సెంట్రిఫ్యూజ్. దానికి కొటేషన్ అడిగేటప్పుడు చాలా ల్యాబులు "4000 ఆర్‌పీఎం, 16 ట్యూబులు" అని రాసి ఊరుకుంటాయి. ఆ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అంకె ఒక్కదానితో ఏమీ తేలదు. ట్యూబులో ఉన్న కణాలను అడుక్కి నెట్టే బలం వేగం మీదే కాదు, రోటర్ (ట్యూబులను పట్టుకుని తిరిగే భాగం) వ్యాసార్ధం మీద కూడా ఆధారపడుతుంది. లెక్క చిన్నదే: ఆర్‌పీఎంని అదే ఆర్‌పీఎంతో గుణించి, వచ్చినదాన్ని సెంటీమీటర్లలో వ్యాసార్ధంతో, ఆపై 0.00001118తో గుణిస్తే 'జీ' విలువ, అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలమో, వస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర 10 సెం.మీ. రోటర్ సుమారు 1006 జీ ఇస్తే, 16 సెం.మీ. రోటర్ 1610 జీ ఇస్తుంది. డిస్‌ప్లే మీద అంకె ఒకటే, ట్యూబులో జరిగేది వేరు. పాత మెషీన్‌లో వాడిన ఆర్‌పీఎంనే కొత్తదాంట్లోనూ పెట్టేస్తే ఫలితాలు మారిపోయేది ఇందుకే.

వ్యాసార్ధాన్ని ఇరుసు మధ్య నుంచి, తిరిగేటప్పుడు ట్యూబు అడుగు ఎక్కడికి చేరుతుందో అక్కడి వరకు కొలవాలి. స్వింగ్ బకెట్ రోటర్ (ట్యూబుల బకెట్లు వేలాడుతూ, తిరిగేటప్పుడు అడ్డంగా లేచేది) అయితే బకెట్‌ని అడ్డంగా ఎత్తి పట్టుకుని కొలవండి. వేలాడుతున్నప్పుడు కొలిస్తే అంకె బాగా తగ్గి వస్తుంది.

మీరు చేసే పనులకు ఎన్ని జీలు కావాలో ముందే కాగితం మీద రాసుకోండి. సీరం వేరు చేయడానికి మామూలుగా 1000 నుంచి 2000 జీ, 10 నిమిషాలు. కోయాగ్యులేషన్ (రక్తం గడ్డకట్టే) పరీక్షల ప్లాస్మాకి 1500 జీ, 15 నిమిషాలు. అక్కడ ప్లేట్‌లెట్లు మైక్రోలీటర్‌కు 10,000 కంటే తక్కువకి దిగాలి. మూత్రంలో అవక్షేపం చూడటానికి 400 జీ, 5 నిమిషాలు చాలు. ఈ పనులన్నీ 17 సెం.మీ. రోటర్ ఉన్న మెషీన్ హాయిగా చేస్తుంది. దాని మీద 1500 జీ కావాలంటే 2800 ఆర్‌పీఎం సరిపోతుంది. డీఎన్ఏ పనులకు వాడే చిన్న ట్యూబులకు 12,000 జీ పైన కావాలి. దానికి విడిగా చిన్న మైక్రోసెంట్రిఫ్యూజ్ పెట్టుకోవడమే మేలు. రెండు పనులూ ఒకే మెషీన్ చేయాలని పట్టుబడితే రోటర్ మార్చుకుంటూ కూర్చోవాలి, మార్చిన ప్రతిసారీ తప్పు జరిగే అవకాశం ఉంటుంది.

జెల్ ట్యూబులు (సీరంకీ కణాలకీ మధ్య జెల్ అడ్డుపొర కట్టేవి) వాడేవాళ్లు స్వింగ్ బకెట్ రోటరే తీసుకోండి. ట్యూబు పూర్తిగా అడ్డంగా తిరిగితే జెల్ సమంగా పొర కడుతుంది. ట్యూబులు ఏటవాలుగానే నిలిచి ఉండే యాంగిల్ రోటర్లో ఆ పొర ఏటవాలుగా వస్తుంది, ఒక పక్క పలచబడి సీరంలోకి కణాలు జారే ప్రమాదం ఉంటుంది. గట్టి పెల్లెట్ (అడుగున చేరే కణాల ముద్ద) కావాలనుకుంటే మాత్రం యాంగిల్ రోటరే వేగం, మన్నిక కూడా ఎక్కువ. ఇంకో సంగతి, చల్లబరిచే ఏర్పాటు లేని మెషీన్లు ఎక్కువసేపు తిరిగితే లోపల గది కంటే వేడెక్కుతాయి. వేడికి పాడయ్యే శాంపిళ్లు ఉంటే రిఫ్రిజిరేటెడ్ మోడల్ తప్పదు.

పెట్టే చోటు. కదలని, గట్టి బల్ల కావాలి. చక్రాల బల్ల పనికిరాదు. రసమట్టం రెండు దిక్కులా పెట్టి చూడండి. తిరుగుతున్నప్పుడు చుట్టూ కనీసం 30 సెం.మీ. మేర సీసాలు గానీ మనుషులు గానీ ఉండకూడదు. ఎనలిటికల్ బ్యాలెన్స్, మైక్రోస్కోప్ ఉన్న బల్ల మీద దీన్ని పెట్టొద్దు. చాలా మోడళ్లకు ప్రయాణంలో మోటారు కదలకుండా ట్రాన్సిట్ బోల్టులు బిగించి పంపుతారు. అవి తీయకుండా స్విచ్ వేస్తే మొదటి రోజే మోటారు మౌంటింగులు దెబ్బతింటాయి. తీసిన బోల్టులు పారేయకండి, మళ్లీ తరలించేటప్పుడు కావాలి. రిఫ్రిజిరేటెడ్ మెషీన్‌ని దించాక మాన్యువల్లో చెప్పినన్ని గంటలు నిటారుగా వదిలేసి, అప్పుడే కరెంట్ ఇవ్వండి. కంప్రెసర్ ఆయిల్ తన చోటికి దిగాలి.

ఇక బ్యాలెన్సింగ్. దీనిమీద ఎంత చెప్పినా తక్కువే. 2000 జీ దగ్గర 1 గ్రాము తేడా అంటే 2 కిలోల బరువు ఒక పక్కకి లాగినట్టు. ఎదురెదురు ట్యూబులను మట్టం చూసి కాదు, తూకం వేసి సరిపెట్టాలి. రక్తం ట్యూబుకి ఎదురుగా అదే ఎత్తు నీళ్లు పోస్తే బరువు సరిపోదు, ఎందుకంటే రక్తం నీటి కంటే బరువైనది. మూతలతో సహా తూచండి. స్వింగ్ రోటర్లో రెండు బకెట్లే వాడుతున్నా మిగతా బకెట్లు ఖాళీగానైనా తగిలించి ఉండాలి. ఒక్కో బకెట్ లోపల కూడా ట్యూబులు, అది వేలాడే పిన్నులకు అటూ ఇటూ సమంగా సర్దాలి. మొదలయ్యాక తక్కువ వేగంలో ఒకచోట కాసేపు ఊగి సర్దుకోవడం సహజమే. పైవేగంలో ఊగిందంటే వెంటనే ఆపేయండి.

ఒక ట్యూబులో పొర ఏటవాలుగా వస్తే ముందు బకెట్ వేలాడే పిన్నులను చూడండి. అక్కడ గ్రీజు ఎండి మురికి పట్టి, బకెట్ పూర్తిగా అడ్డంగా లేవడం లేదన్నమాట. పాత గ్రీజు తుడిచేసి, తయారీదారు చెప్పిన గ్రీజు పలచగా రాయండి. వాడకం ఎక్కువున్న చోట వారానికోసారి ఈ పని చేయాలి.

అల్యూమినియం రోటర్‌కి ఉప్పు, బ్లీచ్, క్షారపు సబ్బు బద్ధశత్రువులు. పైపొర గీసుకుపోయిన చోట ఉప్పు చేరి చిన్న గుంట పడుతుంది. తిరిగే బలం ఆ గుంట దగ్గరే కేంద్రీకరించి బీట వస్తుంది. అందుకని తీగ బ్రష్ వాడకండి. పీహెచ్ 7 దగ్గరుండే డిటర్జెంట్‌తో కడిగి, మంచి నీళ్లతో జాడించి, ఆరబెట్టి, మూత తీసి తలకిందులుగా పెట్టండి. క్రిములు చంపడానికి 70 శాతం ఆల్కహాల్ వాడొచ్చు, అది కూడా మెషీన్ చల్లగా, ఆఫ్‌లో ఉన్నప్పుడే. నెలల తరబడి రోటర్‌ని ఇరుసు మీదే వదిలేస్తే పట్టేసుకుంటుంది. వెలుతురులో తిప్పి చూసినప్పుడు గుంట గానీ గీత లాంటి బీట గానీ కనిపిస్తే ఆ రోటర్‌ని పక్కన పెట్టేయండి. తక్కువ వేగంలో వాడుకుందామనే బేరం వద్దు. రోటర్ గరిష్ఠ వేగాన్ని సాధారణంగా మిల్లీలీటర్‌కు 1.2 గ్రాముల సాంద్రతకి లెక్కగట్టి ఇస్తారు. 1.6 సాంద్రత ద్రావణం పోస్తే 12,000 ఆర్‌పీఎం రోటర్‌ని దాదాపు 10,390 దాటనివ్వకూడదు.

తిరుగుతుండగా ట్యూబు పగిలిన చప్పుడు వస్తే స్విచ్ ఆపి, మూత తెరవకుండా 30 నిమిషాలు వదిలేయండి. లోపల గాల్లో తేలుతున్న తుంపర్లు దిగాలి. తర్వాత మందపాటి గ్లవ్స్ వేసుకుని, ముక్కలను పట్టకారుతో ఏరండి, చేత్తో వద్దు. ఆ బకెట్ అడుగున ఉన్న రబ్బరు కుషన్ తప్పకుండా మార్చండి. అందులో గుచ్చుకున్న గాజు రవ్వ రేపు ఇంకో ట్యూబుని పగలగొడుతుంది. రోటర్ తిరిగే గిన్నె గోడల మీద బూడిదరంగు పొడి కనిపిస్తుంటే అది గాలితోపాటు తిరుగుతున్న గాజుపొడి, దాని రాపిడికి అరిగిన లోహం. గిన్నె పైభాగం చుట్టూ పెట్రోలియం జెల్లీ రాసి కొన్ని నిమిషాలు తిప్పితే పొడి దానికి అంటుకుంటుంది. తుడిచేసి, పొడి రాకుండా పోయేదాకా మళ్లీ చేయండి.

రిఫ్రిజిరేటెడ్ మెషీన్‌ని పనయ్యాక ఆఫ్ చేసి, గిన్నెలో చేరిన నీరు తుడిచి, మూత తెరిచి ఉంచాలి. కార్బన్ బ్రష్‌ల (లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ ముక్కలు) మోటారైతే, మెషీన్ పూర్తి వేగం అందుకోకపోయినా, నిప్పురవ్వలు కనిపించినా బ్రష్‌లు తీసి పొడవు కొలవండి. రెండూ కలిపే మార్చి, కొత్తవి కుదురుకునేదాకా ఖాళీ రోటర్‌తో తక్కువ వేగంలో తిప్పండి.

డిస్‌ప్లేని నమ్మి వదిలేయకుండా ఆరు నెలలకోసారి రోటర్‌కి మెరిసే టేపు ముక్క అంటించి, మూత మీది కిటికీ గుండా టాకోమీటర్‌తో వేగం చూడండి. ఎక్కువగా వాడే రెండు మూడు వేగాల దగ్గర చూస్తే చాలు. టైమర్‌ని స్టాప్‌వాచ్‌తో సరిచూడండి. తేడా మీ ల్యాబ్ పెట్టుకున్న హద్దు దాటితే, సర్వీస్ అయ్యేదాకా మెషీన్ మీద 'వాడొద్దు' అని చీటీ అంటించండి. కొలిచిన అంకెలు, తేదీ, ఏ రోటర్‌తో కొలిచారో, అన్నీ ఆ మెషీన్ లాగ్‌బుక్‌లో రాసి పెట్టండి.