సిలిండర్ మీద నీలిగీత

"ఆ డిక్కీలో ఉన్న పిల్లల్ని ఎవరైనా అడిగారా అమ్మా?" అని మా అమ్మాయి అడిగి మూడు వారాలైంది. జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి గరాజులో విప్పిన ఇంజన్ విప్పినట్టే ఉంది.

ఆ ఇంజన్ 1974 నాటి యమహా ఆర్‌డీ 350 మోటారు సైకిలుది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, 347 సీసీ, కంపెనీ లెక్కలో 7500 ఆర్‌పీఎం వద్ద 39 హార్స్‌పవర్. దీని చెల్లెలే 1983 నుంచి మన దేశంలో రాజ్‌దూత్ 350గా తిరిగింది. ఇక్కడ దాన్ని తయారుచేసిన ఎస్కార్ట్స్ వారు మైలేజీ కోసం దాని శక్తిని 30.5కు తగ్గించి, ముందు చక్రానికి డిస్కు బ్రేకు బదులు డ్రమ్ము బిగించారు. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డుకు ఆ బండ్లు వచ్చినప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. పానాలు అందించడానికి నన్ను పిలిచేవారు కానీ, ఒక్క బోల్టు కూడా బిగించనిచ్చేవారు కారు. ఆడపిల్ల చేతులకు మసి అంటకూడదన్నది ఆయన ప్రేమ. ఆ ప్రేమ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అందుకే, మా అమ్మాయి చేతికి పానా నేనే ఇవ్వాలని పట్టుబట్టాను. మేముండే అమెరికాలో శనివారం పొద్దున తెలుగు బడి, మధ్యాహ్నం గరాజు. ఈతకు వెళ్తానని తను అడిగిన ప్రతిసారీ వచ్చే నెల చూద్దామన్నాను. అదే తెలుగు బడిలో తోటి తల్లులకు పిల్లల్ని బలవంతపెట్టవద్దని నచ్చజెప్పింది కూడా నేనే.

గరాజులో తెలుగే మాట్లాడాలన్నది నేను పెట్టిన నియమం. "పిస్టన్, జెట్, రింగు, హెడ్డు, అన్నీ ఇంగ్లీషే కదా, ఇందులో తెలుగు ఎక్కడుంది?" అని తను ఒకనాడు నిలదీసింది. చాలాసేపు ఆలోచించాక నాకు తట్టింది ఏమిటంటే, షెడ్డులో సామాన్ల పేర్లు మాత్రమే ఇంగ్లీషువి, అవి చేసే పనులన్నీ తెలుగువి. ఇంజన్ పట్టేస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, బండి అందుకుంటుంది, రేసు చేస్తే గొంతు మారుతుంది. మా నాన్న చెవి పెట్టి విని "దీనికి ఆకలేస్తోందిరా" అంటే, పెట్రోలు చాలడం లేదని, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్ పెద్దది వేయాలని అర్థం. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి నవ్విన నవ్వు, నాలుగేళ్ల తెలుగు బడిలో నేను చూడనిది.

తనకు నచ్చిన పని ఒకటుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ, సిలిండర్ పైమూత అయిన హెడ్డుకూ మధ్య మిగిలే సందును కొలవాలి. సోల్డరింగ్ తీగ ముక్కలు రెండు ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చి, పిస్టన్ ఒక పక్కకు ఒరగకుండా పిస్టన్ పిన్ను వరుసలో చెరో వైపు గోడకు తగిలేలా పెట్టి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పాలి. నలిగిన తీగ కొసను వెర్నియర్‌తో కొలిస్తే 1.6 మిల్లీమీటర్లు వచ్చింది. సందు ఇరుకైన కొద్దీ మిశ్రమం అంచుల నుంచి మధ్యకు తోసుకొచ్చి త్వరగా, సమంగా మండుతుంది. కాబట్టి లేత్ మీద హెడ్డును అర మిల్లీమీటరు తీయించి 1.1కు తేవాలనుకున్నాను. నలిగిన ఆ తీగ ముక్కలను తను పారేయకుండా పెన్సిల్ డబ్బాలో దాచుకుంది.

డిక్కీ కథ సైలెన్సర్ దగ్గర మొదలైంది. లెక్సింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో ట్రాక్‌లో జూలైలో జరిగే పాత బండ్ల పండుగకు వెళ్లి, అక్కడి సంతలో ఒక జత ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు, అంటే మధ్యలో ఉబ్బి చివర సన్నబడే సైలెన్సర్లు కొన్నాం. వాటి కడుపు అంత లావుగా ఎందుకుందని తను అడిగింది. పొగతో పాటు బయలుదేరిన ఒత్తిడి అల వెడల్పయ్యే భాగంలో వెనక్కి లాగే అలగా మారి సిలిండర్‌ను ఖాళీ చేస్తుందనీ, సన్నబడే చోట తగిలి తిరిగొచ్చిన అల, బయటికి జారిపోతున్న తాజా పెట్రోలును, సిలిండర్ గోడలో పొగ పోయే రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్టు మూసుకునే లోపు మళ్లీ లోపలికి నెడుతుందనీ చెప్పాను. ఈ విద్యను తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే మోటారు సైకిళ్ల కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఎంత పదును పెట్టాడంటే, 1961 నాటికి 125 సీసీలోంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. ఆయన రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ ఆ ఏడాది స్వీడన్ పందెం తర్వాత దేశం వదిలి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరి, 1962లో 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. భార్యనూ పిల్లలనూ కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. ఎంత తెగువో చూడమని కథ ముగించబోతుంటే, తను ఆ ప్రశ్న అడిగింది.

అయిదేళ్ల వయసులో తను నా భుజం మీద నిద్రపోతుండగానే శంషాబాద్‌లో విమానం ఎక్కించాం. లేచాక తాతయ్య ఏడని అడిగింది. రేపు వస్తాడని చెప్పాను.

ఆ మరుసటి శనివారం గీత కనబడేలా సిలిండర్‌కు నీలిరంగు పూసి, ఎగ్జాస్ట్ పోర్టుకు 1.5 మిల్లీమీటర్ల పైన గీత గీసి, గ్రైండర్ పట్టుకుని, సిలిండర్‌ను గట్టిగా పట్టుకోమన్నాను. తను చేతులు వెనక్కి తీసుకుంది. "హెడ్డు కోయించినా ఇంకోటి దొరుకుతుంది, పాత సైలెన్సర్లు అటక మీదే ఉన్నాయి. దీన్ని అరగదీస్తే ఆ ఇనుము మళ్లీ రాదు కదా" అంది. పోర్టు ఎత్తితే పైన, ఎక్కువ ఆర్‌పీఎంలో శక్తి పెరుగుతుంది, కానీ కింద పికప్ చచ్చిపోతుంది. తనకు ఇష్టమైనది ఆ కిందిదే. వెనక సీటు మీద కూర్చుని, రెండో గేరులో మెల్లగా మా వీధి చుట్టి రావడమే తనకు కావాలి. 39ని 50 చేయాలన్న పట్టుదల నాది మాత్రమేనని అప్పుడు తోచింది.

వెనక్కి మళ్లించగలిగినవే ముందు మార్చండి, పోర్టుల జోలికి చివరన వెళ్లండి అని పాత ఇంజన్ మీద చేయి వేసేవారికి నేను చెప్పగలను. పిల్లల విషయంలో ఏది మళ్లించగలిగేదో, ఏది అరిగిపోయిందో నాకు తెలియదు. ఈతకు వెళ్లనివ్వని శనివారాలు ఏ లెక్కలోకి వస్తాయో తెలియదు. తాతయ్య మాటలు విని తను నవ్విన ఆ శనివారాన్ని వదులుకోవడానికి మాత్రం నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

నీలిగీతను ఇంకా తుడవలేదు. ఈ శనివారం ఈతకు పేరు రాయించాను. సాయంత్రం తడి జుట్టుతోనే గరాజులోకి వచ్చి, కొత్త సైలెన్సర్లకు మెయిన్ జెట్ ఎంతది వేయాలో తాతయ్యను ఫోనులో అడగవచ్చా అంది. విజయవాడలో అప్పటికి తెల్లవారుజామున మూడున్నర. తెల్లారాక చేద్దామన్నాను.