సబ్జెక్ట్ లైన్‌లో బయటపడే జబ్బు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లలో చాలామందికి అమెరికా ఆసుపత్రుల పని ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంటుంది. మా బృందానిది అందులో చిన్న ముక్క. అపాయింట్‌మెంట్ గుర్తుచేయడం, పరీక్ష ఫలితం వచ్చిందని తెలపడం, బిల్లు పంపడం వంటి పనుల కోసం రోగులకు వెళ్లే ఈమెయిళ్లను మేం చూసుకుంటాం. ఏదైనా ఈమెయిల్ డెలివరీ సర్వీసులో ఖాతా తెరిచి పది వరుసల కోడ్ రాస్తే ఉత్తరాలు వెళ్లిపోతాయి కదా అని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. రోగుల ఆరోగ్య సమాచారాన్ని కాపాడమనే హిపా చట్టం (1996లో అమెరికా కాంగ్రెస్ చేసింది) గురించి వాళ్లకు ఆ తర్వాతే తెలుస్తుంది.

ఉత్తరాన్ని మోసేవాడు వేరు, దాన్ని తన దగ్గర ఉంచుకునేవాడు వేరు అన్న తేడా ఈ చట్టం అమలులో చాలా ముఖ్యం. అక్కడి తపాలా శాఖ, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ వంటివి కేవలం మోసేవి కాబట్టి వాటితో ఆసుపత్రి ప్రత్యేక ఒప్పందం చేసుకోనవసరం లేదు. ఈమెయిల్ డెలివరీ సర్వీసు అలా కాదు. అది సందేశాన్ని తన సర్వర్లలో ఉంచుకుంటుంది, చేరిందో లేదో నమోదు చేస్తుంది, తిరిగొచ్చిన చిరునామాల జాబితాను దాస్తుంది. అందువల్ల అది చట్టం దృష్టిలో బిజినెస్ అసోసియేట్, అంటే ఆసుపత్రి తరఫున రోగుల సమాచారాన్ని చూసుకునే సంస్థ, అవుతుంది. దానితో బీఏఏ (బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్) అనే ఒప్పందం ఉండితీరాలి. 2013లో వచ్చిన సవరణ నియమాలతో ఉపకాంట్రాక్టు తీసుకున్న మాలాంటి కంపెనీలు కూడా ఇదే కోవలోకి వచ్చాయి. బీఏఏ మీద సంతకం చేయని సర్వీసు ఎంత చవకగా దొరికినా రోగుల సమాచారం పంపడానికి పనికిరాదు. అమెజాన్ వాళ్ల ఈమెయిల్ పంపే సర్వీసు ఎస్‌ఈఎస్ వంటివి ఆ ఒప్పందం పరిధిలోకి వస్తాయి. అయితే ఒప్పందం కుదరగానే పని అయిపోయిందనుకునేవాళ్లే మా ఆఫీసులో ఎక్కువ.

మా బృందంలోని నెల్లూరు కుర్రాడు అడిగిన ప్రశ్న ప్రతి కొత్తవాడూ అడిగేదే: "అన్నా, టీఎల్‌ఎస్ ఉంది కదా, ఇంకేం భయం?" దారిలో ఉత్తరాన్ని ఎవరూ చదవకుండా సంకేతాల్లోకి మార్చే ఆ టీఎల్‌ఎస్ కూడా నిజానికి మామూలుగా అవకాశం ఉన్నప్పుడే పనిచేస్తుంది. అవతలి సర్వర్ ఒప్పుకోకపోతే ఉత్తరం ఏ కవరూ లేకుండానే వెళ్లిపోతుంది. అలా జరగకూడదనుకుంటే ఎస్‌ఈఎస్‌లో టీఎల్‌ఎస్ తప్పనిసరి అని ప్రత్యేకంగా పెట్టాలి, అప్పుడు సురక్షితమైన దారి లేని చోటికి ఉత్తరం అసలు వెళ్లదు. ప్రమాదం గురించి చెప్పిన తర్వాత కూడా రోగి తనకు మామూలు ఈమెయిలే చాలంటే అలాగే పంపవచ్చునని అమెరికా ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. ఇదంతా దారిలో రక్షణ గురించిన మాట. ఉత్తరం చేరిన తర్వాత సబ్జెక్ట్ లైన్ ఫోన్ తెర మీద ఎవరైనా చదివేలా కనబడితే టీఎల్‌ఎస్ ఏమీ చేయలేదు.

మా పాత టెంప్లేట్లలో ఒకదాని సబ్జెక్ట్ లైన్ ఇలా ఉండేది: "న్యూరాలజీ క్లినిక్: మీ మూర్ఛ మందు రీఫిల్ సిద్ధం". నియమాల అమలు చూసే కంప్లయన్స్ అధికారిణి, అమెరికాలో ఉంటారు, వాళ్లకు ఉదయం తొమ్మిదింటికి, అంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నరకు జరిగే కాల్‌లో, దాన్ని మార్చమన్నారు. మావాళ్లకు అది చాదస్తంగా తోచింది. షుగర్ ఎంతుందో బస్సులో పక్క సీటులో కూర్చున్నాయనకు కూడా చెప్పే మనుషులం మనం, ఆపరేషన్ మచ్చ కూడా చూపించేస్తాం. కాల్ అయ్యాక ఒంగోలు నుంచి వచ్చిన మా టెస్టింగ్ అమ్మాయి ఒక్క మాటే అడిగింది: "సంబంధాలు చూస్తున్న ఇంట్లో, చూసుకోవడానికి వచ్చినవాళ్ల ముందు టీపాయ్ మీదున్న పిల్ల ఫోన్‌లో ఆ వరుస వెలిగితే?" ఇక ఎవరూ చాదస్తమనలేదు. షుగర్, బీపీ చెప్పుకోవడానికి వెనకాడని మన ఇళ్లలోనే మూర్ఛ, టీబీ, మానసిక వైద్యం, సంతానం కోసం తిరిగే ఆసుపత్రి పేరు గొంతు తగ్గించి చెబుతారు. ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో ఆ మనిషి ఇష్టం, దాన్ని టెంప్లేట్ రాసేవాడు నిర్ణయించకూడదు. ఇప్పుడు ఆ వరుస "మీకు ఒక కొత్త సందేశం ఉంది" అని మాత్రమే చెబుతుంది, మిగతాది రోగి పోర్టల్‌లో లాగిన్ అయ్యి చదువుకుంటారు.

అంతకంటే లోతైన చిక్కు మాకు లాగ్స్‌లో, అంటే సర్వీసు రాసిపెట్టే నమోదుల్లో, కనబడింది. ఉత్తరం చేరినా, తిరిగొచ్చినా సర్వీసు మాకు ఈవెంట్ అనే ఒక చిన్న సమాచారం పంపుతుంది. అందులో రోగి చిరునామాతో పాటు సబ్జెక్ట్ కూడా ఉంటుంది. బౌన్సులు (తిరిగొచ్చిన ఉత్తరాలు) వెంటనే తెలియాలని ఏ బృందమైనా ఆ ఈవెంట్లను చాట్ ఛానెల్‌లోకి మళ్లిస్తుంది, ఆ చాట్ కంపెనీతో మాత్రం తరచుగా బీఏఏ ఉండదు. హిపా గుర్తింపు వివరాలుగా లెక్కించే పద్దెనిమిదింటిలో ఈమెయిల్ చిరునామా ఒకటి, ఐపీ అడ్రస్ మరొకటి. కాబట్టి ఉత్తరంలో కనబడకుండా దాగి, ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే ట్రాకింగ్ పిక్సెల్ అనే చిన్న బొమ్మ కూడా నిరపాయమైనది కాదు. రోగులకు వెళ్లే ఉత్తరాల్లో ఓపెన్, క్లిక్ ట్రాకింగ్ రెండూ ఆపేయించాలన్నది నా పట్టు. మార్కెటింగ్ వాళ్లతో ఈ విషయంలో జరిగిన వాదన ఒక పట్టాన తెగలేదు. రక్షణ లేని సమాచారం బయటపడితే, తెలిసిన 60 రోజుల్లోగా రోగులకు తెలియజేయాలి. బాధితులు 500 మంది లేదా అంతకు మించితే అదే గడువులో ఆరోగ్య శాఖకు కూడా చెప్పాలి. ఈ లెక్క చెప్పాకే వాళ్లు దిగివచ్చారు.

ఇక మన దేశం సంగతి. 2011 నాటి ఐటీ నియమాలు ఆరోగ్య వివరాలను సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి విడి వర్గం లేదు, ఫోన్ నంబరుకైనా బయాప్సీ రిపోర్టుకైనా అందులో పేరు ఒక్కటే. నాకు ఇది వెనకడుగుగానే కనిపిస్తుంది. మారతహళ్లి దగ్గర ఒక ల్యాబ్‌లో నాన్న రక్తపరీక్ష రిపోర్టును వాట్సాప్‌లో పంపవద్దని కౌంటర్‌లో అడిగాను. అక్కడున్న కుర్రాడిది మదనపల్లె. "అందరూ దాంట్లోనే కావాలంటారు సార్, వద్దని పెట్టడానికి మా సిస్టంలో ఆప్షన్ లేదు," అని చెప్పి, రశీదు మీద "చేతికే ఇవ్వాలి" అని పెన్నుతో రాసి నాకిచ్చాడు.