వెళ్ళినవాళ్ళు సరే, ఉండిపోయినవాళ్ళ సంగతేంటి

గుంటూరులో సోషియాలజీ పాఠాలు చెప్తూ ఉద్యమాలు, తీవ్రవాదం మీద ఏళ్ళ తరబడి పని చేస్తున్నా కదా, కొత్తగా పీహెచ్‌డీలో చేరిన పిల్లలు వచ్చి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "మేడమ్, అసలు వాళ్ళు నక్సలైట్ దళాల్లోకి ఎందుకు వెళ్తారు?" అని. పేదరికమా, చదివి కూడా ఉద్యోగం రాకపోవడమా, అవమానమా, చదివిన పుస్తకాలా, ఇప్పుడైతే ఫోనా. నేను చెప్పేది ఏంటంటే ఆ ప్రశ్న మాత్రం ఇంటర్వ్యూలో అడగొద్దు. ఎందుకు వెళ్ళారు అనగానే ఎదుటి మనిషి సర్దుకుని కూర్చుంటాడు, సంజాయిషీ మొదలవుతుంది, పార్టీ డాక్యుమెంట్లలో ఉండే వాక్యాలే వస్తాయి, లొంగిపోయినవాళ్ళైతే పోలీసుల ముందు చెప్పీ చెప్పీ అరిగిపోయిన కథ వస్తుంది. ఎలా వెళ్ళారు అని అడగండి. అప్పుడు మనుషులు వస్తారు. హాస్టల్లో రూమ్మేటు, కాలేజీలో సీనియరు, మేనమామ కొడుకు, మొదటిసారి చీటీ తీసుకెళ్ళి ఇమ్మన్న ట్యూషన్ మాస్టారు. ఎందుకు బదులు ఎలా అని అడగమని హోవార్డ్ బెకర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు ఎప్పుడో చెప్పాడు, నా ఫీల్డ్‌వర్క్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది.

ఇటలీలో డొనాటెల్లా డెల్లా పోర్టా అనే ఆవిడ ఉన్నారు. 1970ల్లో అక్కడి అజ్ఞాత వామపక్ష దళాల్లో పనిచేసినవాళ్ళ జీవితాలు, కోర్టు రికార్డులు వరసపెట్టి చదివిన మనిషి. ఆవిడకి సరిపడా వివరాలు దొరికిన 1,214 మందిలో 843 మందికి సంస్థలో చేరేనాటికే లోపల కనీసం ఒక స్నేహితుడు ఉన్నాడు. ఎక్కువమందికి ఒక్కరు కాదు, ఇంకా ఎక్కువమందే ఉన్నారు. ఈ అంకె చదివినప్పుడు నాకు పల్నాడే కళ్ళ ముందు కనిపించింది, ఎందుకంటే నేను మాట్లాడిన మాజీ నక్సలైట్లు కూడా సిద్ధాంతం గురించి మొదలుపెట్టి పది నిమిషాల్లో ఎవరో ఒక అన్న దగ్గరికి వచ్చి ఆగేవాళ్ళు.

పల్నాడుకి ఈ చరిత్ర ఈనాటిది కాదు, గుత్తికొండ బిలం దగ్గర నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ మీటింగ్ జరిగింది 1969లో. తర్వాత 2004 అక్టోబర్లో హైదరాబాద్‌లో ప్రభుత్వంతో మావోయిస్టుల చర్చలు, 2005 జనవరికల్లా అవి తెగిపోవడం, ఆ మీదట నల్లమలలో వరస ఎన్‌కౌంటర్లు. ఆ రోజుల్లో ఎంతోమంది బయటికి వచ్చేశారు, నేను కలిసినవాళ్ళలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే.

అక్కడే ఒక ఊళ్ళో మిర్చి కల్లంలో ఒకావిడతో మాట్లాడాను. పెద్దకొడుకు దళంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. చిన్నకొడుకు ఉన్నాడు, ఎరువుల కొట్టు. ఆవిడ తాలుకాయలు ఏరుతూనే మాట్లాడింది, తల ఎత్తలేదు, మాట ఆగినప్పుడల్లా చేతివేగం పెరిగేది. "ఇద్దరూ ఒక కంచంలో తిన్నోళ్ళే, ఒకే బడి, వాడు చదివిన పుస్తకాలే వీడూ చదివాడు. వీడు ఊళ్ళో ఉంటే వీడూ పోయేవాడే అమ్మాయ్, మా తమ్ముడు ఇంటర్‌కి నరసరావుపేట తీసుకుపోబట్టి మిగిలాడు." నేనేమీ అడగలేదు, ఎలా జరిగిందో చెప్పమన్నానంతే. తర్వాత ఆ చిన్నకొడుకుని కొట్లో కలిస్తే కుర్చీ వేసి టీ తెప్పించి, "మేడమ్, పోలీసులు వచ్చారు, పేపరోళ్ళు వచ్చారు, అందరూ అన్న గురించే అడిగారు, నువ్వెలా ఉండిపోయావ్ అని నన్ను అడిగింది మీరే" అన్నాడు.

మా సబ్జెక్టులో పెద్ద లోటు ఇదే, ఇది నేను గట్టిగా చెప్తా ఎక్కడైనా. వెళ్ళినవాళ్ళనే చదువుతాం. వెళ్ళినవాళ్ళలో పేదరికం కనిపిస్తే కారణం పేదరికం అంటాం, కోపం కనిపిస్తే కోపం అంటాం, అదే పేదరికం అదే కోపం ఉన్న పక్కింటి కుర్రాడు ఎరువుల కొట్టు పెట్టుకున్నాడన్న సంగతి లెక్కలోకే రాదు. సెమినార్లలో రిస్క్ ఫ్యాక్టర్లు అని ఒక చార్టు వేస్తారు చూడండి, ఆ చార్టు ప్రకారం అయితే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో సగం మంది యువకులు అడవిలో ఉండాలి.

ఉండిపోయినవాళ్ళని లెక్కలోకి తెచ్చిన పని ఒకటుంది, అందుకే నాకు అదంటే అంత ఇష్టం. 1964 ఎండాకాలంలో అమెరికాలో వందలమంది కాలేజీ పిల్లలు, ఎక్కువగా ఉత్తరాది తెల్లవాళ్ళు, మిసిసిపీ రాష్ట్రానికి వెళ్ళారు, నల్లవాళ్ళకి ఓటు నమోదు చేయించడానికి. ఫ్రీడమ్ సమ్మర్ అన్నారు దాన్ని. ఆ జూన్‌లోనే ముగ్గురు కార్యకర్తల్ని చంపేశారు, అంటే ప్రాణాల మీదికి తెచ్చుకునే పనే. డగ్ మెక్‌ఆడమ్ అనే సోషియాలజిస్టుకి అప్పటి అప్లికేషన్ ఫారాలు దొరికాయి, వెళ్ళినవాళ్ళవీ ఉన్నాయి, అప్లై చేసి ఆఖర్లో ఆగిపోయినవాళ్ళవీ ఉన్నాయి. రెండు కట్టలు పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మకంలో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, వెళ్ళినవాళ్ళకి వెళ్తున్నవాళ్ళలో దగ్గరి స్నేహితులు ఎక్కువ, అంతకుముందే సంఘాల్లో తిరిగిన అలవాటు ఎక్కువ. అంతటితో వదల్లేదు ఆయన, ఇరవై ఏళ్ళ తర్వాత రెండు రకాలవాళ్ళనీ వెతికి పట్టుకుని జీవితాలు ఎటు పోయాయో కూడా చూశాడు.

మనకీ అలాంటి ఎండాకాలాలు ఉన్నాయి కదా. 1970ల చివర్లో నక్సలైట్ రాజకీయాల రాడికల్ విద్యార్థి సంఘం "గ్రామాలకు తరలండి" అని పిలుపిస్తే సెలవుల్లో కాలేజీ పిల్లలు బృందాలుగా ఊళ్ళమీదికి వెళ్ళారు. వెళ్ళి అటే ఉండిపోయినవాళ్ళ గురించి స్మృతులు, సంస్మరణ సంచికలు బోలెడు. పేరిచ్చి, సంచీ సర్దుకుని, తెల్లారి బస్టాండుకి రానివాళ్ళ గురించి ఒక్క పేజీ చూపించండి. వాళ్ళే తర్వాత బ్యాంకుల్లో, ఎల్ఐసీలో, స్కూళ్ళలో చేరి రిటైరై ఇవాళ విజయవాడ, గుంటూరు అపార్టుమెంట్లలో ఉన్నారు.

ఇంకో సంగతి. కోపం ఒకటే అయినా దారులు వేరవడం మన పక్కనే జరిగింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. బాధితులు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు, అందులోంచే దళిత మహాసభ పుట్టింది, ఊరేగింపులు, సభలు, కోర్టు. అదే ఘటనకి నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ ఇంకో రకంగా జవాబిచ్చింది, 1989లో ప్రధాన నిందితుడిని చంపేసింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే అక్కడివాళ్ళు మా ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేస్తే సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇంత జరిగాక కూడా కాగితాలు పట్టుకుని కోర్టు మెట్లెక్కే ఓపిక ఎలా వచ్చింది, ఎవరు ఎవరిని పట్టి ఉంచారు, ఆ రాత్రుళ్ళు శిబిరంలో ఏం మాట్లాడుకున్నారు అన్నది తుపాకీ పట్టినవాడి కథ కంటే తక్కువ విషయమా? నా దృష్టిలో ఎక్కువ.

అయితే ఉండిపోయినవాళ్ళని మాట్లాడించడం కష్టం. వెళ్ళొచ్చినవాడికి కేసులు తేలిపోయుంటాయి, వీళ్ళకి పెన్షన్ ఉంటుంది, అమెరికాలో కొడుకు ఉంటాడు, పేరు బయటికొస్తే ఏమవుద్దో అన్న భయం ఉంటుంది. ఆ భయం ఊరికే కాదు. అమెరికాలో రిక్ స్కార్స్ అనే సోషియాలజీ రీసెర్చ్ స్కాలర్ పర్యావరణ ఉద్యమాల మీద పని చేస్తూ, తన సోర్సుల గురించి గ్రాండ్ జ్యూరీకి, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందానికి, చెప్పనన్నందుకు 1993లో 159 రోజులు జైల్లో ఉన్నాడు. ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ మాజీ సాయుధులు మేం చచ్చేదాకా బయటపెట్టొద్దు అని బోస్టన్ కాలేజీకి ఇచ్చిన టేపుల కోసం 2011లో సమన్లు వచ్చాయి. మన దగ్గర రీసెర్చర్ నోట్సుకి చట్టంలో ప్రత్యేక రక్షణ అంటూ ఏమీ లేదు, అందుకే నా స్టూడెంట్లకి గట్టిగా చెప్తా, కాపాడలేని మాట ఇవ్వకండి. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, కేసు తేలని సంఘటన గురించి నాకు చెప్పకండి అని రికార్డర్ ఆన్ చేయకముందే మీరే చెప్పండి. వాళ్ళు మర్చిపోయి అటువైపు వెళ్తే ఆపేసి టీ అడగండి.

ఇప్పుడు నేను మొదలుపెట్టింది ఈ పనే. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో 1970ల చివర, 80ల్లో చదివి, ఒకప్పుడు బృందంతో వెళ్దామని పేరిచ్చి ఆగిపోయినవాళ్ళతో మాట్లాడుతున్నా. ఎందుకు ఆగారని అడగను. ఆ ముందురోజు సాయంత్రం ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఇంట్లో ఎవరికి చెప్పారు, అక్కడినుంచి మొదలుపెడతాం. మీ ఇంట్లో పెదనాన్నో బాబాయో అలాంటివాళ్ళుంటే ముందు మీరు అడిగి చూడండి, నాకు చెప్తారా లేదా అన్నది తర్వాత.