గాలి పక్కన ఏ మాట?

ఇంగ్లిష్‌లో వానకైతే హెవీ, గాలికి మాత్రం స్ట్రాంగ్. హెవీ విండ్ అన్నా అర్థమవుతుంది గానీ వినేవాళ్లకు అదోలా ఉంటుంది. ఈమధ్య ఇలాంటి జతల మీదే పడ్డాను. గాలి జోరందుకుంటే పిక్స్ అప్, తగ్గితే డైస్ డౌన్. ఉన్నట్టుండి విసురుగా కొడితే గస్ట్. వణికించే చలిగాలి బైటింగ్ విండ్. అక్కడా కొరకడమే!

బాగా నచ్చింది మాత్రం గాలి జోరును మెట్లుగా చెప్పే బ్యూఫోర్ట్ స్కేల్. 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ రూపొందించాడు. అందులో ఫ్రెష్ బ్రీజ్ అంటే పిల్లగాలేమో అనిపిస్తుంది. కాదు, గంటకు 29 నుంచి 38 కిలోమీటర్లు. చిన్న చెట్లు ఊగిపోతాయి. ఆపై మెట్టు స్ట్రాంగ్ బ్రీజ్, గొడుగు నిలపడమే కష్టం. బ్రీజ్‌కి స్ట్రాంగ్ ఏంటో! ప్రస్తుతం అంతకంటే జోరైన గాలి, గేల్ దాకా వచ్చాను.