మోకాలు బాగుంది, పొట్టే మొరాయిస్తోంది

"మోకాలి సంగతి తర్వాత, ముందు నా పొట్ట సంగతి చూడరా" అంది అమ్మ, వాకర్ పట్టుకుని బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక చూడ్డానికొచ్చిన వాళ్లందరిదీ అమ్మ మలబద్ధకానికి తలా ఒక వైద్యం. పిన్నిది త్రిఫల చూర్ణం. పక్క ఫ్లాట్ అంకుల్ అయితే బేగంబజార్ నుంచి సునాముఖి ఆకు పొట్లమే తెచ్చిచ్చారు.

డాక్టర్‌కి ఫోన్ చేస్తే అసలు దొంగ నొప్పి మందు ట్రమడాల్ అని తేలింది. నొప్పితో పాటు పేగుల కదలికనీ తగ్గిస్తుందట. ఇసబ్‌గోల్ వేసుకుని నీళ్లు సరిగ్గా తాగకపోతే ఇంకా బిగుసుకుపోతుందట. అమ్మేమో మాటిమాటికీ లేవాల్సొస్తుందని నీళ్లే తగ్గించేసింది! ఆయన రాసిన సిరప్‌ కూడా విరేచనం అయ్యేలా చేసే మందే, దాని మీద సునాముఖి వద్దన్నారు.

ఇక సాయంత్రం అంకుల్ వచ్చి "పనిచేసిందా?" అంటే ఏం చెప్పాలో!