రెక్క పైమూలన

పద్దెనిమిదేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. శ్రావణమాసం వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా వంచిన మెడ ఎత్తే పని ఉండదు. మూడేళ్ల కిందట వీపు మీద ఎడమ రెక్క ఎముక దగ్గర సలుపు మొదలైంది. బామ్ రాశాను, ఉప్పు మూటతో కాపడం పెట్టాను, మాత్రలు మింగాను. మాత్ర వేసుకున్న రోజు తగ్గేది. మర్నాడు హుక్కులు కుట్టడానికి కూర్చోగానే మళ్లీ మామూలే.

సంక్రాంతి వెళ్లాక మా తెనాలిలోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, పట్టు తప్పి కత్తెర జారిపోతోందా అని ముందే అడిగింది. అలాంటివి ఉంటే డాక్టరుకు చూపించాకే ఏదైనా చేస్తానంది. నాకు అవేమీ లేవు.

బోర్లా పడుకోబెట్టి, రెక్క ఎముక పైన మెడ వైపు మూలన బొటనవేలు ఆనించింది. గట్టిగా నొక్కను కూడా లేదు, నొప్పి జివ్వుమని మెడ పక్కకు పాకింది.

"రోజూ వచ్చే నొప్పి ఇదేనా అక్కా?"

అదే. ఇన్నాళ్లూ నేను ఎవరికీ వేలుపెట్టి చూపించలేకపోయిన చోటు అది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేలు తీయకుండా "ఊపిరి మెల్లగా వదలండి" అంది. అర నిమిషం గడిచేసరికి అక్కడ గోళీలా తగిలేది మెత్తబడింది. మెడలో పై నాలుగు పూసల నుంచి ఒక కండరం దిగివచ్చి ఆ మూలకు అతుక్కుంటుందట. నేను తల వంచి, భుజాలు ఎగదీసి గుడ్డ తోస్తున్నంతసేపూ అది బిగుసుకునే ఉంటుందట. తల బరువే నాలుగైదు కిలోలు మరి.

ఆ హాయి రెండు రోజులే నిలిచింది. "నేను వదులు చేస్తాను, మీరు బలం పెంచకపోతే మళ్లీ పట్టేస్తుంది" అని చెప్పింది. గడ్డం లోపలికి లాగి ఐదు సెకన్లు ఆపడం, రెక్కలు రెండూ వెనక్కి దగ్గరికి తేవడం నేర్పింది. ఆరు వారాలు వెళ్లాను. మిషన్ కాళ్ల కింద ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచాను.

మా ఆయన సెలూన్‌లో మెడ విరిపించుకుంటారని చెబితే ఆ అమ్మాయి కంగారుపడింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడలోనే ఉంటాయి, అలా విసురుగా తిప్పితే అవి చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని చెప్పింది. ఆ రోజే మాన్పించాను. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఆ అలవాటుంటే దయచేసి మాన్పించండి.

ఈ పొద్దున నాలుగు బ్లౌజులకు హుక్కులు కుట్టి లేచాను. రెక్క దగ్గర కాస్త బిగువు ఉంది. గోడకు ఆనుకుని గడ్డం లోపలికి లాగి, ఐదు లెక్కపెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.